తన్నులు తొమ్మిది నిమిషాలు, సందేశం అరనిమిషం

మన షార్ట్ ఫిలింలలో తన్నులు సరిపోవడం లేదు!

ఈ మాట ఎవరో ఒకరు ధైర్యం చేసి అనాలి. ఎవరూ అనడం లేదు గనక నేనే అంటున్నాను. ఈ మధ్య కొందరు పెద్దమనుషులు, పది నిమిషాల సినిమాలో ఇంత రక్తమేమిటి, ఆడవాళ్ళను అలా చావబాదడమేమిటి అని సభలు పెట్టి మరీ బాధపడుతున్నారు. వాళ్ళను చూస్తే నాకు జాలేస్తోంది. చావబాది చూపించకపోతే, చావబాదకూడదని జనానికి ఎలా తెలుస్తుందండీ?

మీరే ఆలోచించండి. తాగుడు తప్పని చెప్పాలంటే సినిమా అంతా తాగి చూపించాలి. హెల్మెట్ పెట్టుకోమని చెప్పాలంటే కనీసం ఒక అరడజను తలకాయలు పగలాలి. మరి భార్యను కొట్టకూడదని చెప్పాలంటే? కొట్టాలి! కొట్టి, కెమెరా దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కొట్టి, స్లో మోషన్‌లో ఇంకోసారి కొట్టి, చివర నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో "స్త్రీని గౌరవిద్దాం" అని వేయాలి. వెనకాల ఫ్లూటు. దాంతో అంతా కొట్టుకుపోతుంది. దీన్నే సందేశం అంటారు.

సందేశం లేకుండా కొడితే అది హింస. సందేశం పెట్టుకుని కొడితే అది కళ. ఇంత చిన్న తేడా కూడా తెలియని వాళ్ళతో వాదించాల్సి రావడం నా ఖర్మ.

ఈ కళ వల్ల మా ప్రాంతానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. తెనాలిలో ఇప్పుడు వీధికొక దర్శకుడున్నాడు. రేపల్లెలో ఇంటికొక కథా రచయిత ఉన్నాడు. బాపట్లలో పోటీలు పెట్టేవాళ్ళున్నారు. రోజ్ మిల్క్ సిరప్ ఏ కొట్లోనూ దొరకడం లేదు. ఎందుకంటే దాన్లో కాస్త మైదా కలిపితే బ్రహ్మాండమైన రక్తం తయారవుతుంది. మొన్న రేపల్లెలో ఒక హత్య తీస్తుంటే ఆ రక్తానికి గండుచీమలు పట్టాయి. శవం లేచి కాలవ దాకా పరుగెత్తింది. హంతకుడే వెంటపడి వెళ్ళి, ఒంటి మీద నీళ్ళు పోసి, చీమలు దులిపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మళ్ళీ పడుకోబెట్టాడు. హంతకుడికీ హతుడికీ మధ్య ఇంత ఆప్యాయత మీరు ఇంకెక్కడైనా చూశారా?

పిల్లలు చెడిపోతారని ఇంకో గోల. చూసిందల్లా పిల్లలు చేసేస్తారా? మా మనవరాలు కావేరి మూడో తరగతి చదువుతోంది. షార్ట్ ఫిలింలన్నీ నా పక్కన కూర్చునే చూస్తుంది. ఏం చెడిపోయింది? పైగా నేల మీద దెబ్బ తగలకుండా ఎలా పడాలో నేర్చుకుంది. డబ్బులిచ్చి జిమ్నాస్టిక్స్‌కి పంపినా వస్తుందా ఆ విద్య?

కానీ ఈ సంగతి అర్థం చేసుకోలేని మనిషి ఒకావిడ ఉంది. ఆవిడే ఉషశ్రీ టీచర్. ఆవిడ వల్లే ఇవాళ నేనిది రాయాల్సి వస్తోంది.

మా వైపు షార్ట్ ఫిలింలు చూసేవాళ్ళకు ఉషశ్రీని పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసింది. ఎప్పుడంటే అప్పుడు ఏడవగలదు. ముందు ఎడమ కన్ను తడవాలంటే ఎడమ కన్నే తడుస్తుంది. అందుకని మా ప్రాంతపు దర్శకులందరూ ఆవిణ్ణే పిలిచి కొట్టిస్తారు. ప్రతి సినిమాలోనూ ఆవిడ పేరు తులసే. తులసి అని పేరు పెట్టి కొడితే జాలి ఎక్కువ పుడుతుందని దర్శకుల నమ్మకం.

ఆవిడ భర్త వెంకట్‌కు మోటార్లు రివైండింగ్ చేసే షాపుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బేదీ ఆయనే, ఇడ్లీలు వేసేదీ ఆయనే. అయినా ఊళ్ళో సగం మంది ఆయన్ని ఎగాదిగా చూస్తారు. ఒకసారి మంగలి షాపులో గడ్డం గీస్తున్నతను కత్తి గొంతు దగ్గర ఆపేశాడట.

"ఆడకూతురండి. అట్టా కొట్టబాకండి," అన్నాడట నెమ్మదిగా.

"అయ్యో, అది నేను కాదండి! పాండురంగారావు గారని ఒకాయన. ఆయన కొట్టేది."

"ఎవరు కొడితే ఏంటండి? చూస్తా ఊరుకున్నది మీరే గదా!"

వెంకట్ ఆ రోజు నుంచి గడ్డం పెంచుతున్నాడు.

ఇవన్నీ ఉషశ్రీ నవ్వుకుంటూ భరించింది. కళాకారిణి అన్నాక భరించాలి మరి. కానీ ఒక రోజు ఇంటర్వెల్ బెల్లయ్యాక, స్కూలు వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర తన క్లాసు పిల్లలు ఆడుకోవడం చూసి ఆగిపోయింది. ఒక పిల్లాడు చెయ్యెత్తి నిలబడ్డాడు. మా కావేరి "వద్దండీ, వద్దండీ" అంటూ గిర్రున తిరిగి నేల మీద పడింది. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. లేచి, దులుపుకుని, మళ్ళీ పడింది.

"ఇదేం ఆటే?" అని అడిగింది ఉషశ్రీ.

"మీ ఆటే టీచర్! నేనే మీరు!" అంది కావేరి సంబరంగా.

"పడిపోయాక ఏమవుద్ది?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ప్రశ్న వాళ్ళకెప్పుడూ రాలేదు.

"ఏం అవదు టీచర్. పడిపోయి ఉండటమే," అంది కావేరి. "నేను బాగా పడతాను టీచర్. మా తాతయ్య కూడా మెచ్చుకున్నాడు."

నిజమే, మెచ్చుకున్నాను. ప్రతిభను మెచ్చుకోవడం తప్పా?

ఆ రోజు ఉషశ్రీ ఎక్కాలు చెప్పలేకపోయిందట. బోర్డు వైపు తిరిగి నిలబడితే వెనక అంతా కావేరిలే కనిపించారట. తనను ఏ దర్శకుడు ఎన్నిసార్లు కొట్టించినా రాని బాధ ఆ పిల్ల సంబరం చూస్తే వచ్చింది. ఒక్కటి, ఒక్క సినిమా అయినా తులసి లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళేది ఉండాలి. పడిపోయాక ఆడుకోవడానికి పిల్లలకు ఇంకో ముక్క మిగలాలి. ఆవిడకు కావలసింది అంతే.

చూశారా! పిల్లలు ఏదో సరదాగా ఆడుకుంటుంటే దాన్ని కూడా ఇంత దూరం ఆలోచించేవాళ్ళుంటే కళ ఎలా బతుకుతుంది?

సరిగ్గా అప్పుడే శ్రీకర్ వచ్చాడు. రేపల్లె కుర్రాడు, ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఉద్యోగం ఎందుకు చేయడం లేదని అడిగితే రియలిజం అంటాడు. బాపట్ల పోటీకి కొత్త సినిమా తీస్తున్నాడు. పేరు "ఎవరూ లేరా...?" ఆ చుక్కలూ, ఆ ప్రశ్నార్థకమూ పెట్టడానికే వారం ఆలోచించాడు.

"అక్కా, ఇందులో మీరు ఇప్పటిదాకా తినని దెబ్బలు తింటారు," అన్నాడు, స్వీట్లిస్తానన్నంత ప్రేమగా.

"తింటాను తమ్ముడూ. కానీ చివర్లో తులసి లేవాలి. గడియ తీసుకుని బయటికెళ్ళాలి. అది ఉంటేనే చేస్తాను."

"బయటికెళ్ళి ఏం చేస్తదక్కా?"

"ఏదో ఒకటి చేసుకుంటది. ముందు దాన్ని వెళ్ళనీ."

శ్రీకర్ గడ్డం గోక్కున్నాడు. "గుండె బరువు తగ్గిపోద్దేమో అక్కా..." అని గొణిగాడు. కానీ ఉషశ్రీ లేకపోతే ఏడ్చేవాళ్ళు లేరు. "సరే అక్కా. లాస్ట్ షాట్ అదే. ప్రామిస్!" అన్నాడు.

షూటింగ్ భట్టిప్రోలులో పెట్టుకున్నారు. అక్కడ శ్రీకర్ మేనత్త సుశీలకు రోడ్డు పక్కనే ఒక పాత ఇల్లుంది. కెమెరా ఫహీంది. తెనాలిలో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడు. కట్ అనేదాకా కెమెరా ఆపకూడదు అన్నది అతని ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం. ఇక భర్త వేషం, చెప్పాను గదా, పాండురంగారావు గారిది. రిటైర్డ్ బస్సు కండక్టరు. పరిషత్తు నాటకాల్లో ఆయన గొంతు విప్పితే చివరి వరసలో నిద్రపోయే పిల్లలు లేచి ఏడ్చేవారు. మనిషి మాత్రం వెన్న.

నాటకంలో కొట్టడానికి ఒక పద్ధతుంది. చెయ్యి చెంప దాకా వచ్చి ఆగిపోతుంది. తెర పక్కన నిలబడ్డవాడు చప్పట్లు చరుస్తాడు. చూసేవాళ్ళ చెంప చుర్రుమంటుంది, తిన్నవాళ్ళకు ఏమీ కాదు. పాండురంగారావు గారు ఆ పద్ధతిలోనే మొదలుపెట్టారు.

"కట్!" అన్నాడు శ్రీకర్. "సౌండ్ కాదు సార్ నాకు కావాల్సింది. కందాలి. నిజంగా కొట్టండి!"

ఆయన కళ్ళు మూసుకుని కొట్టాడు. వెంటనే కళ్ళు తెరిచి, "తగిలిందా అమ్మా? మజ్జిగ తాగుతావా?" అన్నాడు.

"కట్! మీరు రాక్షసుడు సార్! రాక్షసుడు మజ్జిగ ఇవ్వకూడదు! వన్ మోర్!"

వన్ మోర్ తర్వాత వన్ మోర్. లైటు బాలేదని ఒకటి, కొంగు జారిందని ఒకటి, ఫ్రేములోకి బల్లి వచ్చిందని ఒకటి. సాయంత్రమయ్యేసరికి ఉషశ్రీ ఎడమ చెంప మేకప్ అక్కర్లేనంతగా ఎర్రబడింది. దీన్ని హింస అనగలరా ఎవరైనా? అక్కడ క్లాప్ బోర్డు ఉంది!

ఆ సాయంత్రం తీసిన టేకులో ఉషశ్రీ మూతి నిండా రోజ్ మిల్క్ సిరప్‌తో నేల మీద పాకుతూ, గడియ వేసిన తలుపు వైపు చెయ్యి చాచి అరిచింది.

"ఎవరూ లేరా? నన్ను కాపాడేవాళ్ళు ఎవరూ లేరా?"

అరుపు రోడ్డు మీదికి స్పష్టంగా వినబడింది. ఒక మోటార్ సైకిల్ నెమ్మదించి, కిటికీ వైపు చూసి, వెళ్ళిపోయింది. ఒక కారు నెమ్మదించనైనా లేదు. సంస్కారవంతులు! మా వీధిలో ఎదురింటి మేడ మీద నుంచి కూడా అప్పుడప్పుడూ ఇలాంటి అరుపులే వినిపిస్తాయి. మేమెవరమైనా హద్దు దాటామా? టీవీ సౌండ్ కాస్త పెంచుకుంటాం, అంతే. ఒకరి సంసారంలో మనం తలదూర్చకూడదు.

కానీ ఆ తర్వాత వచ్చిన ఆటోలో వాళ్ళకు ఈ నాగరికత ఇంకా చేరలేదు. మినప చేలో పని ముగించుకుని ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు. వాళ్ళ ముఠా మేస్త్రి సుందరమ్మ చెవి రిక్కించి వింది.

"ఆపరా ఆటో!"

"మొగుడూ పెళ్ళాల గొడవక్కా, మనకెందుకు?" అన్నాడు ఆటో నడిపే శాలేమురాజు. ఆ బృందంలో చదువుకున్నవాడు అతనొక్కడే.

"ఎవరూ లేరా అంటంది. వినబళ్ళా నీకు? మనం ఉన్నాం గదరా!"

ఎంత అమాయకత్వం చూడండి! ఎవరూ లేరా అని ఎవరైనా అరిస్తే, ఉన్నవాళ్ళు వెళ్ళాలని ఆవిడ అనుకుంది.

తలుపు పాతది. అందరూ కలిసి ఒక్క తోపు తోసేసరికి గడియ మేకులతో సహా ఊడి వచ్చింది. తలగుడ్డలు, మట్టి కాళ్ళు, చేతుల్లో ఖాళీ క్యారేజీలు. "ఎవడ్రా అది, ఆడమనిషి మీద చెయ్యెత్తింది!" అంటూ సుందరమ్మ ముందుకు దూకింది.

ఇక్కడ పాండురంగారావు గారు ఒక పొరపాటు చేశారు. పరిషత్తు నాటకాల్లో పెరిగిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు. స్టేజి మీద ఏం జరిగినా, తెర ఊడి నెత్తిన పడినా, కుక్క వచ్చి కాళ్ళ మధ్య తిరిగినా, పాత్రలోంచి బయటికి రాకూడదని వాళ్ళకో నియమం. శ్రీకర్ తనకు చెప్పకుండా కొత్త పాత్రల్ని పెట్టాడనుకున్నారాయన. ఛాతీ విరిచి, ఇల్లు దద్దరిల్లేలా అందుకున్నారు.

"ఇది నా ఇల్లు! ఇది నా భార్య! కొడతాను, చంపుతాను! అడగడానికి మీరెవరే?"

మొదటి క్యారేజీ వీపు మీద పడింది. ఆయన పాత్ర వదల్లేదు. రెండోది భుజం మీద పడింది. ఇంకో డైలాగు చెప్పారు. మూడోది ఎత్తేసరికి మంచం కిందికి దూరి, "అమ్మా! నేను రిటైర్డ్ కండక్టర్నమ్మా!" అని అసలు గొంతుతో అరిచారు.

శ్రీకర్ అప్పటికే పెరటి గోడ దూకేశాడు. కట్ చెప్పేవాడు లేడు గనక ఫహీం కెమెరా తిరుగుతూనే ఉంది.

సుందరమ్మ ఉషశ్రీని లేపి ఒళ్ళోకి తీసుకుంది. "ఏం భయంలేదమ్మా, మేవొచ్చాం," అంటూ కొంగుతో మూతి తుడిచింది. తుడిచి, ఆగి, కొంగు వాసన చూసింది.

"ఏంటమ్మా ఇది? నెత్తురు తియ్యటి వాసనొస్తంది?"

ఉషశ్రీ ఎన్ని సినిమాల్లో అరిచిందో, ఎన్ని గదుల్లో పాకిందో! ఎవరూ లేరా అని అడగడమే తప్ప ఎవరైనా వస్తారని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. చేను వాసన కొట్టే ఆ ముతక చీరలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎడమ కన్ను, కుడి కన్ను అని లేకుండా ఏడ్చింది.

శ్రీకర్ గోడ మీద నుంచి తల పైకి పెట్టాడు. "అబ్బా, అక్కా! ఈ ఏడుపు ఇందాక ఇచ్చుంటే ఎంత బావుండేది!" అన్నాడు.

చివరికి శాలేమురాజు కెమెరా చూపించి అందరికీ విషయం వివరించాడు. సుందరమ్మ నాలిక్కరుచుకుంది. మంచం కిందికి వంగి, "తగిలిందా బాబాయ్ గారూ? మజ్జిగ తాగుతారా?" అని అడిగింది.

"తగిలిందమ్మా. చాలా సహజంగా తగిలింది," అన్నారాయన.

"ఆటే అనుకో. అంతసేపు కొట్టిస్తారా? రోడ్డు మీద పోయేవాళ్ళకి ఆటా, నిజమా అన్నది ఎట్టా తెలుస్తదయ్యా?" అని శ్రీకర్‌ని నిలదీసింది సుందరమ్మ. కళ గురించి ఏమీ తెలియని ప్రశ్న గనక అతను జవాబివ్వలేదు.

కానీ అసలు నష్టం వేరే జరిగింది. తలుపుకు గడియ లేదు. మేనత్త సుశీల వచ్చి తలుపు చూసి పెట్టిన శాపనార్థాలకు ఆ ఇంట్లో ఇంకో షాట్ తీసే ధైర్యం ఎవరికీ లేదు. తులసి గడియ తీసుకుని బయటికి వెళ్ళే షాట్ చివరికి పెట్టుకున్నారు. అది అలా ఆగిపోయింది.

"పోనీ వీళ్ళు రావడమే పెట్టు తమ్ముడూ. ముగింపు అదే," అంది ఉషశ్రీ.

"చూద్దాం అక్కా, ఎడిటింగ్‌లో," అన్నాడు శ్రీకర్.

మన దేశంలో చూద్దాం అంటే ఏమిటో మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. వాళ్ళ టీచరుకు తెలియలేదు. నమ్మింది.

బాపట్లలో పోటీ. కల్యాణ మండపం కిటకిటలాడుతోంది. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. నాకు శాలువా కప్పారు. శాలువా కప్పాక నిష్పక్షపాతంగా ఉండటం ఎంతో తేలిక. నిబంధన ఒకటే, సినిమా పది నిమిషాలు దాటకూడదు.

ఉషశ్రీ ముందు వరసలో కూర్చుంది. పక్కన సుందరమ్మ, ఆవిడ పక్కన ఆటోలోని ఆడవాళ్ళందరూ. మీరు సినిమాలో ఉన్నారని చెప్పి ఉషశ్రీయే వాళ్ళను రైల్లో తీసుకొచ్చింది. పని మానుకుని, పెట్టె అడుగున ఉన్న చీరలు కట్టుకుని వచ్చారు. పాండురంగారావు గారు ముందు జాగ్రత్తగా వెనక తలుపు దగ్గర కూర్చున్నారు.

"ఎవరూ లేరా...?" మొదలైంది. ఆహా! ఏం దెబ్బలు! ఏం స్లో మోషన్! చెంప మీద వేళ్ళు దిగడం ఎంత స్పష్టంగా తీశాడో! తొమ్మిది నిమిషాలకు పైగా కన్నార్పలేదు నేను. చివరికి తులసి మూసిన తలుపు దగ్గర కూలిపోయింది. తలుపు మూసే ఉంది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు, ఫ్లూటు. "ఆమెకు ఎవరూ లేరా...?"

నేను శాలువాతో కళ్ళొత్తుకున్నాను.

"ఉన్నాం గదయ్యా!"

ముందు వరసలో సుందరమ్మ లేచి నిలబడింది.

"తలుపిరగ్గొట్టుకోని వచ్చాం గదా! మమ్మల్ని పీకేసి ఎవరూ లేరా అంటావేంటి?"

శ్రీకర్ కంగారుగా మైకందుకున్నాడు. "పెద్దమ్మా, అది నిడివి సమస్య. పది నిమిషాలు దాటకూడదు."

"కొట్టినంతసేపూ ఉంది గదా నిడివి! మేవొచ్చేసరికే అయిపోయిందా?"

"అది కాదు పెద్దమ్మా. మీరొస్తే ప్రేక్షకుడి గుండె బరువు దిగిపోద్ది. ఆ బరువుతోనే ఇంటికి పంపాలి. అదే ఆర్ట్!"

"మీ బరువు మోయడానికి మా పిల్లే దొరికిందా?"

ఎంత గొప్ప సమాధానం చెప్పాడు శ్రీకర్! అయినా జనం ఈవిడకే చప్పట్లు కొట్టారు. అభిరుచి లేని ఊరు.

ఉషశ్రీ లేచింది. ఆవిడ మొహం చూసి నేను ఇప్పుడు ఎడమ కన్ను తడుస్తుందని ఎదురుచూశాను. తడవలేదు. ఆవిడ నేరుగా ప్రొజెక్టరు దగ్గరున్న ఫహీం వైపు తిరిగింది.

"ఫహీం, అది ఉందా?"

"ఉందక్కా. డిలీట్ చెయ్యమన్నాడు. చెయ్యబుద్ధి కాలా."

"వెయ్యి తమ్ముడూ. పిల్లలు చూడాలి."

శ్రీకర్ వద్దు వద్దంటుండగానే తెర వెలిగింది. గడియ ఊడింది. క్యారేజీలు లేచాయి. పాండురంగారావు గారి డైలాగుకు ఈలలు, మంచం కిందికి దూరినప్పుడు ఇంకా ఈలలు. ఆయన వెనక తలుపు దగ్గర నుంచి లేచి అందరికీ దండం పెట్టారు. ఇన్నేళ్ళ నట జీవితంలో తిట్లు తప్ప ఎరగని మనిషికి మొదటిసారి చప్పట్లు పడ్డాయి. గోడ మీద నుంచి శ్రీకర్ తల పైకి లేచి "ఈ ఏడుపు ఇందాక ఇచ్చుంటే" అనే ముక్క దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు అర్థం కాలేదు. నాకు అది చాలా ప్రొఫెషనల్‌గా అనిపించింది.

జనం బహుమతి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. మేం న్యాయనిర్ణేతలం చిక్కులో పడ్డాం. ఏ విభాగంలో ఇవ్వాలి? సందేశాత్మకం అందామంటే ఫ్లూటు లేదు. కుటుంబ కథ అందామంటే కుటుంబమే ముక్కలయింది. "ఆడమనిషి అరిస్తే పోయే ఆటో ఆపుకుని మరీ వచ్చారంటే ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు నా పక్కనున్న న్యాయనిర్ణేత. అది నిజమేననిపించింది. అందరం ఏకగ్రీవంగా ఫాంటసీ విభాగంలో మొదటి బహుమతి ఇచ్చేశాం.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? అసలు ప్రమాదం ఇప్పుడే మొదలైంది.

హాల్లో ఫోన్లు లేనివాళ్ళెవరు? ఆ వీడియో సోమవారానికల్లా తెనాలిలో అందరి వాట్సాప్‌కూ చేరింది. ఆ మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఉషశ్రీ నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి చూసిందట. పిల్లలు ఆట మార్చేశారు. ఇప్పుడు పడిపోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. అందరికీ సుందరమ్మ వేషమే కావాలి. మగపిల్లలు కూడా తలగుడ్డలు చుట్టుకుని, లంచ్ బాక్సులు పట్టుకుని, "ఆపరా ఆటో!" అని అరుస్తున్నారు. కొట్టే భర్త వేషానికి ఎవరూ దొరక్క, ఒక చెత్తడబ్బాను నిలబెట్టి ఆడుకుంటున్నారట. మా కావేరి అయితే ఇన్నాళ్ళు కష్టపడి నేర్చుకున్న పడే విద్యంతా గాలికొదిలేసింది.

"తర్వాత ఏమవుద్ది?" అని ఉషశ్రీ మళ్ళీ అడిగిందట.

"చాలా అవుతాయి టీచర్!" అన్నారట పిల్లలు అందరూ ఒకేసారి. ఆవిడ ఆ రోజు ఎక్కాలు గట్టిగా, నవ్వుతూ చెప్పిందని కావేరి చెప్పింది.

పాఠకులారా, ఇన్నాళ్ళూ నేను పొరబడ్డాను. చూసింది పిల్లలు చేయరు అన్నాను గదా? చేస్తారు! తొమ్మిది నిమిషాల తన్నులు చూసి చెడిపోని పిల్లలు, రెండు నిమిషాలు సాయం చూసి పూర్తిగా చెడిపోయారు. నా దగ్గర రుజువుంది.

నిన్న సాయంత్రం ఎదురింటి మేడ మీద నుంచి మళ్ళీ అరుపులు. ఎప్పటిలాగే రిమోట్ అందుకుని సౌండ్ పెంచబోయాను. పెరగలేదు. వెనక్కి తిప్పి చూస్తే బ్యాటరీలు లేవు.

కావేరి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో బ్యాటరీలు, ఇంకో చేతిలో లంచ్ బాక్సు.

"తాతయ్యా, ఆటో దిగు," అంది.

నేను కూర్చున్నది వాలుకుర్చీలో. అయినా దిగాల్సి వచ్చింది. ఈ వయసులో, శాలువాలు కప్పించుకున్న మనిషిని, మెట్లెక్కి ఒకరి తలుపు కొట్టాల్సి వచ్చింది. తలుపు తీసినతను "ఏంటండీ?" అన్నాడు విసుగ్గా. అతను నా వెనక్కి చూశాడు. మెట్ల మీద కావేరి, దాని వెనక మా వీధి పిల్లలందరూ లంచ్ బాక్సులతో ఉన్నారు. వాళ్ళ వెనక, ఏం గొడవో చూద్దామని వచ్చి, వెనక్కి వెళ్ళలేక ఆగిపోయిన మా వీధి పెద్దమనుషులు.

అతను గుమ్మానికి అడ్డం తప్పుకున్నాడు. లోపలి నుంచి ఆవిడ నెమ్మదిగా నడిచి బయటికి వచ్చింది. మెట్ల మీద మా కావేరి పక్కన కూర్చుంది. ఆవిడ ఎడమ చెంప కందిపోయి ఉంది. ఆ ఎరుపులో మైదా లేదు. ఎదురింటావిడ పేరు కరుణశ్రీ అని నాకు నిన్ననే తెలిసింది.

అందుకే ప్రభుత్వానికీ, పోటీలు పెట్టేవాళ్ళకూ చేతులెత్తి మొక్కుతున్నాను. తన్నులు ఎన్నైనా చూపించుకోండి, అభ్యంతరం లేదు. ఆదుకోవడానికి ఎవరైనా వచ్చే దృశ్యాలు మాత్రం వెంటనే నిషేధించండి. లేకపోతే నాలాంటి పెద్దమనుషులు ఇళ్ళలో ప్రశాంతంగా కూర్చుని టీవీ చూసుకునే రోజులు ఇక ఉండవు. ఇప్పటికే మా ఇంట్లో రిమోట్ పనిచేయడం లేదు. బ్యాటరీలు కావేరి దగ్గరే ఉన్నాయి.